తిరిగి పుచ్చుకున్న వాయనం

ఏలూరు,
9 ఫిబ్రవరి 2025.

ప్రియమైన రూతూ,

నా కుడిచెవి కూడా సెలవు పుచ్చుకుంది. డాక్టరుగారు మిషను పెట్టారు గానీ, అందులో మనిషి మాటకంటే మిక్సీ చప్పుడే ఎక్కువ వినబడుతోంది. ఇక ఫోను నాకు దండగ. మీ లంకలో సిగ్నలు కూడా ఉన్నరోజు ఉన్నట్టు, లేనిరోజు లేనట్టు. కాబట్టి దెందులూరు స్కూల్లో మనిద్దరం పాతికేళ్ళు పిల్లలచేత రాయించిన ఉత్తరాలు ఇకమీదట మనమే రాసుకుందాం. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకు.

నీకో వింత చెప్పాలి. కార్తీకంలో నా నోముకి ఉద్యాపన చేసుకున్నాను కదా. పదముగ్గురు ముత్తైదువులకి వాయనం ఇచ్చాను. అందరూ ఇచ్చే స్టీలు గిన్నెలు నాకు నచ్చలేదు. చిన్న గాజుగిన్నెలో నీళ్ళు పోసి, నీళ్ళమీద తేలే మొక్క నాలుగేసి ఆకులు వేసి, తాంబూలంతో పాటు చేతిలో పెట్టాను. తాడేపల్లిగూడెంలో రంగుచేపలు అమ్మే కొట్లో దొరికిందా మొక్క. మిగిలిన గుప్పెడూ మేడమీద సిమెంటు తొట్టిలో వేశాను.

దాన్ని నువ్వు చూడాలి రూతూ! ఆకుమీద సన్నటి నూగు. నీళ్ళు చిలకరిస్తే చుక్క అంటదు, దొర్లుకుంటూ పోతుంది. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. గుప్పెడు వేస్తే పదిరోజులకి రెండు గుప్పెళ్ళు. నెల తిరిగేసరికి తొట్టి నిండిపోయింది. సగం తీసేస్తే మళ్ళీ వారం పదిరోజుల్లో నిండుతోంది. పొద్దున్నే కాఫీగ్లాసు పట్టుకుని వెళ్ళి దానిముందు నిలబడిపోతున్నాను. ఇంత చిన్న ఆకులో ఇంత ప్రాణం ఎవరు పెట్టారా అని ఒళ్ళు జలదరిస్తుంది.

తీసిన సగం చెత్తబండిలో వెయ్యడానికి మనసొప్పదు. తొట్టిలో మా కృష్ణుడి విగ్రహం ఉందాయె. ఆయన పాదాల దగ్గర పెరిగింది నిర్మాల్యమే కదా, ఎవరి కాలికిందా పడకూడదు. అందుకని వాడిన పూజపూలతో కలిపి ప్రతి శనివారం వీధి చివర తమ్మిలేట్లో వదిలి దణ్ణం పెట్టుకుని వస్తున్నాను. ఆ పచ్చటి తెప్ప అలా తేలుతూ వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది.

మీ అబ్బాయి వెస్లీ, కోడలు జాయ్సీ ఎలా ఉన్నారు? కొల్లేట్లో పక్షులు ఈ ఏడు బాగా దిగాయా?

నీ,
కనకమహాలక్ష్మి


చినకొంగలంక,
2 మార్చి 2025.

కనకానికి,

ఉత్తరం చేరింది. మా పోస్టుమాన్ వారానికి రెండుసార్లే పడవ ఎక్కుతాడు, ఆలస్యానికి ఏమీ అనుకోకు. నీ దస్తూరి చూడగానే స్టాఫ్‌రూమూ, నీ చద్దిడబ్బాలో మాగాయ వాసనా గుర్తొచ్చాయి.

పక్షులా! ఈ ఏడు గూడబాతులు దిగిన రోజున పనులన్నీ ఆపేసి గట్టుమీద నిలబడ్డాం. అంత పెద్ద శరీరాలు, గాలిలో రెక్క కదపకుండా సుళ్ళు తిరుగుతూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళమీద వాలాయి. అరవై మూడేళ్ళుగా చూస్తున్నాను, ప్రతిసారీ మొదటిసారిలాగే ఉంటుంది. మా వెస్లీ మట్టుకు వాటిని చూసి "ఇవి తినగా మిగిలినవే మనకి" అంటాడు. చేపలు పట్టేవాడి లెక్క వాడిది.

అయితే ఈసారి ఇంకొకటి కూడా దిగింది. మా ఉత్తరపు వాగు నీకు చెప్పాను కదా, మా పడవలు రేవుకి వెళ్ళేదీ వచ్చేదీ ఆ దారినే. వెస్లీ చేపల కోసం వెదురు మావులు పెట్టేదీ అందులోనే. ఆ వాగులో జనవరిలో కొత్త మొక్క ఒకటి పుట్టింది. గుర్రపుడెక్క మాకు పాత చుట్టమే, దాని సంగతి మాకు తెలుసు. ఇది వేరు. ఎనభై రెండేళ్ళ అచ్చాయమ్మ, కొల్లేరంతా అరచేతిలో ఉన్న మనిషి, దీన్ని ఎన్నడూ చూడలేదంది. మూడురోజులు పదిమంది దిగి లాగేశారు. రెండు వారాలకి మళ్ళీ నిండింది.

ఎగువనున్న పైలంకవాళ్ళే కావాలని వదిలారని మావాళ్ళు అంటున్నారు. నాకలా అనిపించడం లేదు.

ఆకు ఒకటి బైబిల్లో నొక్కి ఆరబెట్టి ఇందులో పెట్టాను. నీకు మొక్కలు తెలుసు. చూసి, ఏమిటో రాయి.

నీ,
రూతమ్మ


ఏలూరు,
6 ఏప్రిల్ 2025.

ప్రియమైన రూతూ,

ఉగాది బాగానే జరిగింది. మావారు పదకొండు చోట్ల పంచాంగం చదివి గొంతు పోగొట్టుకుని వచ్చారు. నాకు చెవి లేదు, ఆయనకి నోరు లేదు, రెండురోజులు ఇల్లు మహా ప్రశాంతంగా ఉంది. మామిడికాయలు ఈసారి ఆలస్యమట. ఆవకాయ పెట్టగానే నీకో జాడీ పంపుతాను. చెవి మిషను మార్చారు, ఇది పాతదానికంటే కొంచెం నయం.

వెస్లీ ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు ముదురుతున్నాయి.

నువ్వు పంపిన ఆకు దారిలో నలిగిపోయింది, సరిగ్గా పోల్చుకోలేకపోయాను. మేడమీద తొట్టి ఈమధ్య ఎండగట్టేశాను. దోమలు ఎక్కువయ్యాయి.

నీ,
కనకం


చినకొంగలంక,
4 మే 2025.

కనకానికి,

జాడీ చేరింది. ఆవకాయ బాగుంది.

వాగు మూసుకుపోయింది. పైన చూస్తే నీళ్ళున్నట్టే తెలియదు, చదునుగా పచ్చగా పచ్చికబీడు పరిచినట్టుంది. మొన్న జాయ్సీ మేకపిల్ల గడ్డి అనుకుని దానిమీదకి దూకి మునిగిపోయింది. అదృష్టంకొద్దీ చెవి దొరికితే పట్టి లాగాం. నేను గట్టున కూర్చుని ఒక్క ఆకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. గోరంత లేదు. ఇది మా పడవల్ని ఆపేసింది. వేలమంది ఎన్నేళ్ళుగానో తిరిగిన నీళ్ళని నాలుగు నెలల్లో మూసేసింది. భయమేసింది, కానీ ఒట్టి భయం కాదు. మోకాళ్ళూనాలనిపించే భయం.

ఆ పొర కింద వెలుతురు లేదు. కొరమీను పైకొచ్చి గాలి పీలుస్తుందే, దానికి సందు లేదు. వెస్లీ మావులు ఎత్తితే చచ్చిన జెల్లలు వస్తున్నాయి. కైకలూరు వైపు చెరువుల మీద కాపలా పనికి వెళ్ళిపోతానంటున్నాడు. జాయ్సీకి ఇప్పుడు ఆరోనెల.

మావాళ్ళు వెళ్ళి పైలంక నిత్యానందం మావులు రెండు విరగ్గొట్టి వచ్చారు. అతను గట్టుమీద నిలబడి "మేం వదల్లేదండీ, దేవుడి సాక్షి" అని అరుస్తున్నాడు. ఎవరూ వినలేదు. రెండు లంకల మధ్యా పలకరింపులు లేవు.

ఎంత లాగినా మళ్ళీ వస్తోందంటే పైనుంచి ఎవరో ఇంకా పంపుతున్నారన్నమాట. అది ఆగాలి. జూలై ఆఖరుకి తమ్మిలేరు పొంగుతుంది. అప్పుడీ పచ్చదనం వాగులో ఆగదు, తోసుకుని నడికొల్లేట్లోకి పోతుంది. తర్వాత ఎంతమంది దిగినా లాభం లేదు.

నీకు రాయాలనిపిస్తే రాయి.

రూతమ్మ


ఏలూరు,
11 మే 2025.

రూతూ,

ఆకు నలగలేదు. కవరు విప్పగానే గుర్తుపట్టాను. మావారి భూతద్దం తెచ్చుకుని చూశాను, అదే నూగు. నీళ్ళ చుక్క వేశాను, దొర్లిపోయింది.

నీకు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ మామిడికాయల గురించే రాశాను. పాతికేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని బోధించిన దాన్ని, నీకు ఒక్క వాక్యం రాయలేకపోయాను. సిగ్గుతో చస్తున్నాను.

నా శిష్యురాలు అలేఖ్య కాలేజీలో బోటనీ చెబుతుంది. దానికి చూపించాను. సాల్వీనియా అంటారట. మన దేశపుది కాదు. వేరూ, విత్తనమూ అక్కర్లేదట, విరిగిన ముక్క ముక్కా ఒక మొక్కే. "చేత్తో తుంపి ఏటిలో వేస్తే, ఒక మొక్క వెయ్యడం కాదు మేడమ్, వంద వేసినట్టు" అంది కాగితం మీద రాసి. అన్ని శనివారాలు తుంపి తుంపి వేశాను. దణ్ణం కూడా పెట్టాను.

మార్చిలో నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచే ఏటిలో వెయ్యడం మానేశాను. నేను మానేసినా మీ వాగులోకి ఇంకా వస్తోందంటే, ఏటి ఒడ్డు పొదల్లో అడ్డుపడ్డవి ఉండి ఉంటాయి. నా పదమూడు వాయనాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో అదీ తెలియదు.

నన్ను ఏమైనా అను. నీకు ఆ హక్కు ఉంది.

కనకం


చినకొంగలంక,
18 మే 2025.

కనకానికి,

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. నువ్వే చెబుతావని ఆకు పంపాను. రెండు నెలలు ఎదురుచూశాను. మొక్క వదిలినందుకు నాకు కోపం లేదు, తెలియక చేశావు. నీ మౌనానికే కోపం. ఆ రెండు నెలల్లోనే వాగు మూసుకుంది. నిత్యానందం మావులు విరిగాయి. నేనూ నోరు విప్పలేదు, నీ పేరు చెప్పలేక. ఆ మాట రాసుకోవడం నాకూ కష్టంగానే ఉంది.

ఏడవకు. పని చెయ్యి. పదమూడు ఇళ్ళకీ వెళ్ళు. ఒక్క ఆకు కూడా ఎక్కడా ఉండకూడదు. అలేఖ్యని అడిగి, ఏం చెయ్యాలో సరిగ్గా తెలుసుకుని చెయ్యి.

రూతమ్మ


ఏలూరు,
22 జూన్ 2025.

ప్రియమైన రూతూ,

పని చేశాను. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ముందు ఏరు. మావారూ, అలేఖ్యా, దాని క్లాసు అమ్మాయిలు ఆరుగురూ రెండు ఆదివారాలు ఒడ్డంతా గాలించి, పొదల్లో చిక్కుకున్నదంతా తీశారు. మేడమీద నేలన పలచగా పరిచి, కరకరలాడేదాకా ఎండబెట్టి, పెరట్లో రెండడుగుల గొయ్యి తీసి పూడ్చాం. మొక్కతో పాటు బకెట్లలో వచ్చిన నీళ్ళు కూడా కాలవలో పొయ్యలేదు. పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టి, కొబ్బరిచెట్టు మొదట్లో పోశాం. పూజపూలూ ఇకనుంచి ఆ గొయ్యిలోనే. నాకు ఇంకా మనసు పీకుతుంటే మావారు పలకమీద రాసి చూపించారు: "నిర్మాల్యం తొక్కవద్దన్నారు గానీ, తీసుకెళ్ళి రూతమ్మగారి గుమ్మంలో పొయ్యమని ఏ శాస్త్రంలోనూ లేదే!"

ఇక వాయనాలు. ఇచ్చేటప్పుడు ముమ్మారు అనే మాటలున్నాయి, పుచ్చుకునేటప్పుడూ ఉన్నాయి. ఇచ్చింది తిరిగి అడగడానికి మనకి మాటే లేదు రూతూ. మొదటి ఇంటి గుమ్మంలో పావుగంట నిలబడ్డాను. తీరా అడిగితే ఆవిడ "అది ఎప్పుడో ఎండి చచ్చిపోయిందండీ, మీరేమనుకుంటారోనని చెప్పలేదు" అంది. నేను పెంచిన మొక్క చచ్చిందంటే పట్టరాని సంతోషం నాకు జన్మలో ఇదే మొదలు. అలా తొమ్మిది ఇళ్ళలో చచ్చింది. అత్తిలిలో ఒకావిడ ఎండలో మట్టిలో పారబోసిందట, బస్సెక్కి వెళ్ళి ఆ పెరడంతా వెతికి వచ్చాం, ఏమీ లేదు. గుండుగొలనులో ఒకటీ, ఇక్కడే పవరుపేటలో ఒకటీ బతికి ఉన్నాయి, ఇచ్చేశారు.

పదమూడోది తాడేపల్లిగూడెంలో, మా చెల్లెలి కోడలు స్పందన దగ్గర. పెళ్ళైన ఆరేళ్ళకి కడుపు పండింది ఆ పిల్లకి. నా వాయనం ఇంట్లోకి వచ్చిన నెలకే నిలిచిందట. పెద్ద గోళెంలో వేసి, పూజగదిలో దేవుడితో సమానంగా చూసుకుంటోంది. నేను అడగ్గానే గోళేన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. పెదాలు చదివాను: "వాయనం వెనక్కి ఇస్తే అరిష్టం కదండీ పెద్దత్తగారూ, నా బిడ్డకేమైనా అయితే?" వానలు మొదలైతే ఆ గోళెం పొంగి పక్కనే ఉన్న పంటకాలువలోకి పోతుంది. అయినా ఆ పిల్లచేతుల్లోంచి దాన్ని లాక్కోలేను కదా.

అప్పటిదాకా వాకిట్లో కూర్చున్న మావారు లేచి వచ్చారు. స్పందనని పసుపు, కుంకుమ, తమలపాకులు తెమ్మన్నారు. నన్ను పీటమీద కూర్చోమన్నారు. "వెనక్కి ఇవ్వక్కర్లేదమ్మా. నీకు ఫలించింది కాబట్టి, ఇప్పుడు నువ్వు మీ పెద్దత్తగారికి వాయనం ఇయ్యి. ఫలించిన నోము పెద్దలకి వాయనమిస్తే బిడ్డకి ఆయుష్షు" అన్నారు. ఆ పిల్ల నా కాళ్ళకి పసుపు రాసి, కొంగు కప్పి గోళెం నా ఒడిలో పెట్టింది. పెదాలు మూడుసార్లు కదిలాయి. నేనూ మూడుసార్లు పుచ్చుకుంటిననే అన్నాను. నలభై ఏళ్ళుగా ఆయన మంత్రాలు వింటున్నాను గానీ, ఆయన ఇంత పెద్ద పంతులని నాకు ఆ రోజే తెలిసింది.

పదమూడూ అయ్యాయి.

నీ,
కనకం


చినకొంగలంక,
29 జూన్ 2025.

కనకం,

స్పందన సంగతి జాయ్సీకి చదివి వినిపించాను. అది తన పొట్టమీద చెయ్యి వేసుకుని విన్నది.

నువ్వు పైన ఆపేశావు, ఇక్కడ తేడా తెలుస్తోంది. ఈమధ్య లాగినచోట మళ్ళీ నిండలేదు. జూలై 5, శనివారం, వాగు మొత్తం ఒకేసారి లాగాలని అచ్చాయమ్మ తీర్మానించింది. మా లంక ఒక్కదాని వల్ల కాదు. పైలంకవాళ్ళు కూడా రావాలి. వాళ్ళని పిలవడానికి మావాళ్ళకి మొహం చెల్లడం లేదు, వాళ్ళకి రావడానికి మనసు లేదు. నేనే వెళ్ళి నిత్యానందాన్ని బతిమాలాను. "ఎవరు చేశారో ఆ రోజు తెలుస్తుంది బాబూ, రండి" అన్నాను.

నీ పేరు నేను చెప్పను. రావాలో వద్దో నువ్వే తేల్చుకో.

నీ,
రూతు


ఏలూరు,
7 జూలై 2025.

ప్రియమైన రూతూ,

ఒళ్ళంతా పులిసిపోయింది. అయినా రాయకుండా ఉండలేను.

నలభై ఏళ్ళు ఏలూరులో కాపురం చేసి నేను కొల్లేరు చూడలేదు. మా వీధి చివర పారేది మురుగనుకున్నాను. కళ్ళెదుట మలుపు తిరిగితే ఇక లేనట్టే అనుకున్నాను. వాగు మూసుకుపోయిందని చుట్టుదారి పట్టిన వెస్లీ పడవ ఆ మలుపులన్నీ దాటి నన్ను నడిసరస్సులోకి తీసుకొచ్చింది. గట్టు లేదు. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, మధ్యలో మనం. అంతలో కొన్ని వేల పక్షులు ఒక్కసారి లేచాయి. వాటి చప్పుడు నాకు వినబడలేదు, కానీ పడవ చెక్కమీద పెట్టిన చేతికి తెలిసింది. మొహానికి వాటి రెక్కల గాలి తగిలింది. నేను వదిలింది వచ్చి చేరింది ఇక్కడికా అనుకున్నాను. ఇంత చోటుని నా చేతిలో పట్టే ఆకుతో మూసెయ్యబోయాను.

గట్టుమీద రెండు లంకలవాళ్ళూ ఎడంగా నిలబడి ఉండగా, నేను చెప్పవలసింది చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. నీళ్ళలో పడుతుందని మిషను తీసి సంచిలో పెట్టుకున్నాను కాబట్టి నా మాట కూడా నాకు వినబడలేదు. నిత్యానందం తల దించుకోవడం చూశాను. అచ్చాయమ్మగారు ఏదో అన్నారు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. వెంటనే అంతా నీళ్ళలోకి దిగిపోయారు, నేనూ దిగాను. సాయంత్రానికి వాగు సగంపైన తెరుచుకుంది. అంతలో వాన అందుకుంది, నన్ను హడావిడిగా పడవ ఎక్కించేశారు.

దారంతా అదే ఆలోచన. నన్ను చూసి నవ్వారా? నిత్యానందం ఏమన్నాడు? అడగడానికి అక్కడ ధైర్యం చాలలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి రూతూ. నన్ను ఓదార్చకు. వాళ్ళన్న మాట వాళ్ళన్నట్టే రాయి.

నీ,
కనకం


చినకొంగలంక,
11 జూలై 2025.

కనకం,

వాళ్ళన్నట్టే రాస్తున్నాను.

నువ్వు ఎంత గట్టిగా చెప్పావంటే, అవతలి గట్టున గేదెలు తలెత్తి చూశాయి. నిత్యానందం తల దించుకున్నది కోపంతో కాదు. కళ్ళనీళ్ళు మావాళ్ళకి కనబడకూడదని. "ఆర్నెల్లబట్టీ మేం చెబుతుంటే ఒక్కరు నమ్మలేదండీ. ఈవిడ ఎవరో, మా కోసం ఇంతదూరం వచ్చి చెప్పారు" అన్నాడు. మావులు విరగ్గొట్టినవాళ్ళు ఇద్దరూ వెళ్ళి అతని పక్కన నిలబడ్డారు. కొత్త మావులు అల్లి ఇస్తామన్నారు.

నిన్న మళ్ళీ అందరం దిగి మిగతాది తీసేశాం. లాగింది నీళ్ళకి దూరంగా మెరకమీద కుప్ప పోశాం. నీళ్ళు బయటపడ్డాయి కనకం, నల్లగా ఉన్నాయి మొదట్లో. ఇవాళ పొద్దున్న వెళ్ళి చూస్తే అడుగు కనబడుతోంది. నేను చూస్తుండగానే కొరమీను ఒకటి పైకి వచ్చి, మూతి తెరిచి గాలి పీల్చుకుని, మళ్ళీ లోపలికి పోయింది. నాకు ఏడుపాగలేదు. వెస్లీ కైకలూరు ప్రయాణం మానుకున్నాడు.

ఇక అచ్చాయమ్మ అన్నది. నీ వైపు కిందనుంచి మీదాకా చూసి, "ఆవిడ వదిలారు సరేనండీ, లాగడం వచ్చా ఆవిడకి?" అంది. దానికే నవ్వాం. సాయంత్రం నువ్వు పడవ ఎక్కాక ఇంకోమాట అడిగింది. మా తూర్పువాగు కూడా దీనితోనే నిండి ఉంది, ఆవిడ బుధవారం ఖాళీయేనా కనుక్కోమంది.

పదహారో తారీకు పొద్దున్న ఏడింటికి రేవులో పడవ ఉంటుంది. పాతచీర కట్టుకుని రా.

నీ,
రూతు